అంచు మిగిలింది, నడుమ పోయింది

ఇద్దరూ మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళే. బావగారిది పుట్టపాక. చిన్నప్పుడే మగ్గం దిగి చదువుకుని, నల్గొండలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. బామ్మర్ది రాజోలి దగ్గర మగ్గాలు పెట్టించి గద్వాల చీరలు నేయిస్తాడు. ఊళ్ళో సావుకారి అంటారు. మేనకోడలి పెళ్ళికి చీరల మూట దించిన పూట మొదలైన పంచాయితీ ఇది. నేను పక్కింటివాణ్ణి. మాటలు వాళ్ళవి, కత్తిరింపు నాది.

బావ: ఈ చీర వెనక్కి తిప్పు. అంచు, నడుమ కలిసే కాడ వేలు పెట్టి చూడు. ఏం తగుల్తలేదు. కుప్పడం ఏది?

బామ్మర్ది: దీనికి కుప్పడం లేదు బావా. ఒకటే నాడె. పడుగుల అంచు మేరకు పట్టు పోసినం, పేక మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే పోతది. అందుకే చూడు, ఎర్రంచు మీదికి నడుమ రంగు జర దూకింది. కుప్పడం చీర అడుగున ఉన్నది, అది పెండ్లిపిల్లకు. ఇవి ఒడిబియ్యానికి, చుట్టాలకు.

బావ: చుట్టాలకైతే అతుకు లేకున్నా నడుస్తదా?

బామ్మర్ది: చుట్టాలు తిప్పి చూడరు. నీ అసొంటోల్లు పదిమంది చూస్తరు, వాళ్ళు చీరలు కొనరు. కుప్పడం అంటే మూడు నాడెలు. నడుమకు నూలు, రెండంచులకు పట్టు. నడుమ పేక వచ్చి అంచు కాడ ఆగాలె, అంచు పేక దాన్ని కొక్కెమేసి పట్టుకొని వెనక్కి మళ్ళాలె. పేక పేకకూ అంతే, రెండు దిక్కులా. వదులైతే సందు పడ్తది, బిగువైతే చీర ముడుచుకపోతది. కొంగు కాడికొస్తే నూలు పోగుకు పట్టు పోగు ఒక్కొక్కటే మెలేసి అతకాలె. నేసెటాయనకు తోడు ఇంకో మనిషి కావాలె. ఒకప్పుడు ఆ మనిషి ఇంట్ల పొలగాడో పిల్లనో. ఇప్పుడు వాళ్ళు బడికి పోతున్నరు, పోవాలె గూడ. ఆ రెండో మనిషికి కూలి ఎవరిస్తరు?

బావ: కూలి సంగతి తర్వాత మాట్లాడుదం. నువ్వు తీసేస్తున్నది ఏందో ముందు చెప్త. ఈజిప్టుల, నైలు ఒడ్డున, పదిహేను వందల ఏండ్ల కింద తొడుక్కున్న అంగీలు ఇప్పటికీ ఉన్నయ్. కోప్టు బట్టలంటరు. కోప్టులంటే అక్కడి క్రైస్తవులు. పేరు వాళ్ళది పడ్డది గాని అన్ని మతాలోల్లు నేసిన్రు, అందరు తొడిగిన్రు. ఆ అంగీకి నడుమంత తెల్ల నారబట్ట. అవిసె తెలుసు గదా? మనం గింజల కోసమే ఏస్తం, నూనె తీస్తం, కట్టె పారేస్తం. వాళ్ళు ఆ కట్టెనే నీళ్ళల్ల మాగేసి, మన గోగునార తీసినట్టు కొట్టి, దువ్వి దారం వడికిన్రు. చల్లగుంటది, చెమట పీలుస్తది, ఉతికిన కొద్దీ మెత్తబడ్తది. రంగు మాత్రం సరిగ్గ ఎక్కదు. ఉన్నికి బాగ ఎక్కుతది. అందుకని ఒంటికి నార పెట్టుకొని, భుజాల మీంచి దిగే పట్టీలు, మోకాళ్ళ కాడ బిళ్ళలు, వాటిల్ల బొమ్మలు ఉన్నితోని నేసిన్రు. వేర్ల నుంచి ఎరుపు, ఆకు నుంచి నీలి. రెండూ ఒకదాని మీద ఒకటి ముంచి, రాజులు తొడిగే ఊదా రంగుకు నకలు గూడ తీసిన్రు. ఒక బట్టల రెండు తీర్ల దారం, దేని పని దానిది. నీ గద్వాల చీర సంగతి ఏంది? ఎండకు నూలు, మెరుపుకు పట్టు. అదే తెలివి.

బామ్మర్ది: ఆ పట్టీ విడిగ నేసి కుట్టిన్రా, మగ్గం మీదనే ఎక్కించిన్రా?

(ఇక్కడ నాకు ముచ్చటేసింది. చరిత్ర ఆయన శతాబ్దాలు చెప్తుంటే, నేత ఆయన అడిగిన మొదటి ప్రశ్న అతుకు గురించే.)

బావ: రెండూ ఉన్నయ్. పాత అంగీ చిరిగితే బొమ్మ కోసుకొని కొత్త దానికి కుట్టుకున్నరు. మంచి రకం మాత్రం మగ్గం మీదనే. బొమ్మ కాడికి రాంగనే నాలుగైదు పడుగు పోగులు ఒక జట్టు చేసుకొని, ఏ రంగు ఉన్ని ఆ రంగు జాగల్నే అటు ఇటు తిప్పుకుంట పోయిన్రు. రెండు రంగులు కలిసే కాడ కొన్నిట్ల సందు ఉంటది, కొన్నిట్ల ఒకే పోగును రెండు రంగులు పంచుకుంటయ్. ఇగ అంగీ మొత్తం ఒకటే గుడ్డ. ముందు ఒక చెయ్యి నేసుడు, తర్వాత ఒకేసారి వెడల్పు పెంచి ఒళ్ళు నేసుడు, నడిమిట్ల మెడకు సందు విడుసుడు, మళ్ళా ఇంకో చెయ్యి. దించినంక సిలువ లెక్క ఉంటది. భుజాల మీద మడిచి పక్కలు కుడితే అయిపోయె. కత్తెర పడదు.

బామ్మర్ది: అట్లయితే పడుగు తొడిగెటోనికి అడ్డంగ వస్తది. వెడల్పు రెండు గజాల పైన ఉండాలె. ఒక్కనికి నాడె అందదు, ఇద్దరుండాలె.

బావ: రెండు మీటర్లు దాటినవి ఉన్నయ్. ఇద్దరు పక్కపక్కన చేసి ఉండాలె.

బామ్మర్ది: ఆళ్ళకూ రెండో మనిషి ఖర్చే.

బావ: మళ్ళా అక్కడికే వస్తవ్. ఆ నారబట్ట చూడాలంటే ఈజిప్టు దాకా పోవుడు అక్కర్లే. హైదరాబాద్‌ల పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల మమ్మీ ఉన్నది గదా?

బామ్మర్ది: బడి పొలగాండ్లతోని పోయి చూసిన. నల్లగ, గుడ్డలు చుట్టి. రాత్రి నిద్ర పట్టలే.

బావ: ఆ గుడ్డలే. నజీర్ నవాజ్ జంగ్ అనే ఆయన కొనుక్కొచ్చి ఏడో నిజాంకు ఇస్తే, 1930ల మ్యూజియంకు చేరింది. నేను చెప్పే అంగీల కన్నా పాతది, టాలెమీ రాజుల కాలందంటరు. నార మాత్రం అదే అవిసె నార. లచ్చల మంది మొఖం దిక్కు చూసి ఒస్తరు. చుట్టిన నేత దిక్కు చూసెటోడు ఒక్కడు లేడు. మనం నేతగాండ్లం అయ్యుండి మనమూ చూడలే.

బామ్మర్ది: సరే, చూద్దం. బట్ట ఉన్నది, బాగున్నది. నేసినోల్లు ఏరి? ఆళ్ళ మనుమలు ఇయ్యాల అట్లనే నేస్తున్నరా?

బావ: బట్ట ఎట్ల మిగిలిందో తెలిస్తే ఆ మాట అనవ్. అక్కడ వాన లేదు. మమ్మీలు చేసుడు పోయినంక, పీనుగకు తొడుక్కునే బట్టలే తొడిగి ఎండు ఇసుకల పెట్టిన్రు. అందుకే మిగిలినయ్, చెమట మరకలతోని, అతుకులతోని సహా. మేజోళ్ళు గూడ దొరికినయ్, చెప్పుల పట్టెకు బొటనవేలు విడిగ ఉండేటట్టు అల్లినవి. 1880ల నుంచి అఖ్మీమ్‌ల, ఆ తర్వాత అంటినోయెల శ్మశానాలు తవ్విన్రు. తవ్వి ఏం చేసిన్రు? దళారులు కత్తెర పట్టిన్రు. బొమ్మ ఉన్న ముక్క కోసి యూరప్ మ్యూజియాలకు అమ్మిన్రు, తెల్ల నార పారేసిన్రు. ఒకే అంగీ ముక్కలు వేరే వేరే దేశాలకు పోయినయ్. ఆ అంగీ పొడుగెంత, మెడ ఎట్ల విడిసిన్రు, కొస ఎట్ల ముగించిన్రు, ఏ ఈడు మనిషిది, అవన్నీ పారేసిన నారలనే పోయినయ్. పైసలు పలికే ముక్కనే బట్ట అనుకున్నరు. నువ్వు చేస్తున్నదీ అదే. అంచు మెరిస్తే చాలు, లోపటి నేత ఎట్లున్నా ఫరవాలేదని.

బామ్మర్ది: నన్ను ఆ దళారులతోని కలుపకు బావా. మన వాడల కాలేదా ఆ పని? “పాత జరీ చీరలు కొంటాం” అని మా అమ్మ ఉన్నప్పుడు సైకిల్ మీద తిరుగుతుండె ఒకడు. మా నాయనమ్మ పెండ్లి చీరకు జరీ అంచు కోసుకొని, తూకమేసి, పైసలిచ్చి పోయిండు. కాలిస్తే వెండి మిగుల్తది గదా. నడుమ ముక్క బొంత అయింది, బొంత నా బిడ్డకు ఊయలల పరుపు అయింది. ఈజిప్టుల అంచు మిగిలింది, నడుమ పోయింది. మన కాడ అంచు కాలింది, నడుమ వాడుకల అరిగిపోయింది. నాకైతే మనదే నయం అనిపిస్తది. బట్ట ఉన్నది కట్టుకొని చింపుకునేటందుకే.

బావ: మరి మీ తాత నేసిన చీర ఒక్కటి చూపియ్యి.

బామ్మర్ది: చీర లేదు. చెయ్యి ఉన్నది. మా తాత మెలి మా నాయనకొచ్చింది, ఆయన నుంచి మా మగ్గాల మీద ఉన్నోల్లకొచ్చింది. ఇసుకల పెట్టి దాసిన బట్ట నీకు నేత నేర్పుతదా?

బావ: ఆ చెయ్యినే గదా ఇప్పుడు కోస్తున్నవ్! మూడు నాడెలు పట్టెటోడు ఒక తరం ఒక నాడెకే అలవాటు పడితే, నీ బిడ్డ కాలంల కుప్పడం ఎవరికొస్తది? అప్పుడు నేర్సుకుందమంటే చూసెటందుకు పాత చీరా ఉండదు. బట్టా లేక, చెయ్యీ లేక పోతది.

(ఒక సంగతి ఇక్కడే రాసిపెట్టాలి. ఈ ఇద్దరిలో ఎవరూ ఇప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడం లేదు. చెయ్యి గురించి మాట్లాడుతున్నవి, ఒకటి చాక్‌పీసు పట్టిన చెయ్యి, ఇంకొకటి లెక్కల పుస్తకం పట్టిన చెయ్యి. రాజోలిలో ఆ పూట మూడు నాడెల మీద ఉన్న మనిషిని ఈ మంచం మీద కూర్చోబెడితే సంవాదం ఇంకో దారి పట్టేదేమో.)

బామ్మర్ది: అసలు ఈజిప్టు గొడవ మనకెందుకు బావా? ఏడనో సముద్రం అవతల.

బావ: నీకు కృష్ణ దాటితే వచ్చే వీపనగండ్లల బంగారు నాణేలు దొరికినయ్, తూర్పు రోమన్ చక్రవర్తులవి. ఆ రాజ్యం కిందనే ఉండె ఈజిప్టు, ఏడో శతాబ్దంల అరబ్బులు గెలిచేదాకా. ఇటు మన నల్గొండ దిక్కు అక్కెనపల్లిల వెండి నాణేలు, రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ కాలంవి. మన మెట్ట భూములకు ఆ సొమ్ము ఊరికే రాలే. ఒకటో శతాబ్దంల ఒక గ్రీకు నావికుడు దారులు రాసి పెట్టిండు, మసాలియాల నూలు బట్ట బాగ తయారైతదని. అంటే మచిలీపట్నం దిక్కు. తూర్పు తీరం సరుకు తగరకు, అంటే ఇప్పటి మహారాష్ట్రల తేర్‌కు చేరి, అక్కడి నుంచి బండ్ల మీద భరుకచ్ఛం రేవుకు పోయేదని గూడ రాసిండు. తీరం నుంచి తేర్‌కు పోవాలంటే ఎటు పోవాలె? మన గుట్టల నడుమ నుంచే గదా. ఇది నా ఊహ, ఆయన రాసింది కాదు. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే అని ఈజిప్టు రేవు ఒకటుంది. అక్కడ తవ్వితే మిరియాలు, టేకు కట్టె, నూలు గుడ్డలు దొరికినయ్. నీలిల ముంచే ముందు రంగు పట్టకుండ కొంత భాగం అడ్డం పెట్టిన గుడ్డ ముక్కలు గూడ ఉన్నయ్.

బామ్మర్ది: అది మన దిక్కు నూలు అని ఎట్ల చెప్తరు? గుడ్డ మీద పేరు రాసి ఉంటదా?

బావ: మెలి చూసి. ఈజిప్టు వాళ్ళు నార వడికితే ఒక దిక్కు మెలి పడ్తది. తడిసిన అవిసె నార తనంత తాను తిరిగే దిక్కే అది. వాళ్ళు అదే అలవాటుతోని నూలు గూడ అట్లనే వడికిన్రు. ఇండియా నూలు దానికి ఎదురు మెలి. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతది.

బామ్మర్ది: (అంచు పోగు ఒకటి లాగి, బొటనవేలు, చూపుడు వేలు నడుమ విప్పుతూ) ఇది మిల్లు దారం. దీనికి ఇగ దేశం లేదు.

బావ: నూలు మిల్లుది, పట్టు బెంగళూరు దిక్కుది, జరీ సూరత్‌ది. గద్వాలది అనెటందుకు నీ కాడ మిగిలింది ఒక్క అతుకే. అది గూడ తీసేస్తే పవర్‌లూమ్ మీద దించిన దానికీ దీనికీ ఫరకు ఏముంటది?

బామ్మర్ది: చేనేతకు కొన్ని రకాలు విడిచిపెట్టాలని 1985ల చట్టం తెచ్చిన్రు. బజార్ల పో. గద్వాల అని మరమగ్గం చీర పావు ధరకు అమ్ముతున్నరు. చట్టం పుస్తకంల ఉన్నది, చీర కౌంటర్ మీద ఉన్నది. నేను ఒక్క నాడెతోనైనా మగ్గం ఆడిస్తున్న, ఆ మాట నువ్వు అనవు. మీ పుట్టపాక సంగతి చెప్తా విను. తేలియా రుమాలు మీ ఊరిది. ఆముదం కాయల బూడిద నీళ్ళు, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, రంగు ఎక్కొద్దన్న కాడ బిగించి చిటికి కట్టి, ఎరుపు, నలుపు అద్ది నేసేటోల్లు. అరబ్బులు తలకు చుట్టుకునేటోల్లు. ఆ గిరాకి పోయింది. మీ ఊరోల్లు ఏం చేసిన్రు? రుమాలు డిజైన్ తీసుకపోయి చీర మీద పెట్టిన్రు, దుప్పట్టా మీద పెట్టిన్రు. బతికిన్రు. పద్మశ్రీలు వచ్చినయ్, 2020ల జీఐ గుర్తింపు వచ్చింది. మారినందుకే గదా? మారకుంటే అరబ్బు వస్తడని రుమాలు మడత పెట్టుకొని ఎదురుచూసేటోల్లు.

బావ: మారిన్రు. ఏం మార్చిన్రో చూడు. గుడ్డ కొలత మార్చిన్రు, గిరాకి మార్చిన్రు. పడుగుకూ పేకకూ చిటికి కట్టి, మగ్గం మీద చుక్క చుక్కకు కలిపే పని అట్లనే ఉంచిన్రు. ఈజిప్టుల గూడ అంతే అయింది. అరబ్బులు వచ్చినంక, సిలువలు, దేవతలు, వేటగాండ్ల బొమ్మల జాగల అరబ్బీ రాతలు వచ్చినయ్. నేసింది మాత్రం చానామట్టుకు ఆ కోప్టులే, తిన్నిస్, దమియెట్ట ఊర్లల్ల, అదే నారబట్ట మీద, అదే పద్ధతిల. ఇంకో నాలుగైదు వందల ఏండ్లు నడిచింది. వాళ్ళు బొమ్మ మార్చి అతుకు ఉంచుకున్నరు. నువ్వు బొమ్మ ఉంచి అతుకు తీస్తున్నవ్.

బామ్మర్ది: (కాసేపు ఆగి) మాట బాగ చెప్పినవ్. నూనె పట్టిచ్చుడు మీ ఊర్ల ఇప్పుడు ఎన్ని ఇండ్లల్ల ఉన్నది?

బావ: తక్కువనే.

బామ్మర్ది: చానా తక్కువ. మరి అది అతుకు కిందికి రాదా? నీ ఊరిదైతే మార్పు, నా మగ్గంది అయితే కోత.

(ఈ దెబ్బ బావగారికి తగిలింది. ఆయన వాదనలో బలహీనమైన చోటు ఇదే: ఏది వదిలితే పరవాలేదో, ఏది వదిలితే వస్తువే మారిపోతుందో గీత ఎవరు గీస్తారు? నా మట్టుకు నాకు, నూనె పోతే, నూనెది అన్న అర్థమున్న తేలియా అనే పేరే ఖాళీ అయిపోతుందనిపిస్తుంది. బయటికి అనలేదు, టీ చల్లారేదని.)

బావ: ఈజిప్టుల గూడ మళ్ళా మొదలుపెట్టినోల్లు ఉన్నరు. పిరమిడ్ల దగ్గర హర్రానియా అనే ఊర్ల, 1950ల మొదట్ల రామ్సెస్ విస్సా వాసెఫ్ అని కోప్టు ఆర్కిటెక్టు, ఊరి పొలగాండ్లకు మగ్గాలు పెట్టిచ్చిండు. ముందే గీసిన బొమ్మ చూసి నెయ్యొద్దన్నడు. ఎవరి మనసుల ఉన్నది వాళ్ళు నేసిన్రు. చెట్లు, బాతులు, నైలు. ప్రపంచమంత తిరిగినయ్ అవి.

బామ్మర్ది: తొడుక్కునేటివా, గోడకు ఏలాడదీసేటివా?

బావ: గోడకు.

బామ్మర్ది: అదే నేను భయపడేది. అంగీ పోయి గోడెక్కింది. నువ్వన్నట్టు చేస్తే గద్వాల గూడ అద్దాల పెట్టెల మంచిగ కూసుంటది. దానికి నేతగాండ్లు పది మంది చాలు. మిగతా వందల మందిని ఏం చేద్దమంటవ్? 2019-20 చేనేత లెక్కలు నువ్వే చెప్పినవ్ నాకు, దేశంల మూడింట రెండు వంతుల నేత కుటుంబాలకు నెలకు ఐదు వేలు గూడ వస్తలేవని. అడ్డ మీద మేస్త్రీ పనికి నిలబడ్డోనికి అంతకంటె మేలు. నా కాడ నేసెటాయన కొడుకు హైదరాబాద్‌ల బండి మీద డబ్బాలు ఇచ్చే పనికి పోయిండు. రమ్మంటే వస్తడా? వచ్చినా మూడు నాడెలు నేర్సెటందుకు ఏడాది పడ్తది. ఆ ఏడాది ఆడు ఏం తినాలె?

బావ: డయోక్లీషియన్ అని రోమన్ చక్రవర్తి, 301ల ధరల పట్టిక ఒకటి రాళ్ళ మీద చెక్కించిండు. నార అంగీలకు ఊరి పేరు మీద మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని ధరలు. అడుగున మోటు రకం, సామాన్యులకూ బానిసలకూ. అండ్ల నార నేసెటోని రోజు కూలి గూడ ఉన్నది, అన్నం పెట్టి ఇంత అని.

బామ్మర్ది: అన్నం పెట్టా?

బావ: అన్నం పెట్టి. మంచి రకం నేస్తే ఎక్కువ, రెండో రకం నేస్తే తక్కువ.

బామ్మర్ది: ఆ రాయి ఒకటి తెచ్చి మా గద్వాల కోట కాడ పెట్టియ్యి. ధరలు నిలబడ్డయా మరి?

బావ: లేదు. కొన్నేండ్లకే ఎవరూ పట్టించుకోలేదు.

బామ్మర్ది: మన చట్టాల లెక్కనే ఉన్నది.

ఈ మాటకు ఇద్దరూ నవ్వారు. అప్పటిదాకా వంటింటి గడపలో నిలబడి వింటున్న అక్కగారు లోపలికొచ్చి, ఒకటే నాడె చీర, కుప్పడం చీర రెండూ చెరో భుజం మీద వేసుకున్నారు.

అక్క: మీరిద్దరు గుడ్డను తిప్పి తిప్పి చూస్తున్నరు, కట్టుకునేటోల్లను అడుగుతలేరు. కుప్పడం చీరకు అంచు గట్టిగ కిందికి లాగుతది, నడుమ తేలిగ్గుంటది. కుచ్చిళ్ళు పెడితే నిలబడ్తయ్. ఇది చూడు, ఒంటికి ఒకటే తీరు పడ్తది. తప్పు లేదు, అట్ల కావాలంటే పట్టు, నూలు కలిపి నేసిన సికో చీర తక్కువకొస్తది గదా. గంజి పెట్టి ఇస్త్రీ చేసుడే నూలు నడుమతోని బాధ. ఆ బాధ పడెటోల్లం మేం ఉన్నన్ని రోజులు ఉంటం. దాన్ని అడుగున్రి.

‘దాన్ని’ అంటే పెళ్ళిపిల్లని. ఆమె ఫోన్ పక్కన పెట్టి, కుప్పడం చీర మడత విప్పి, అంచు బాగుందంది. నడుమ నూలా అని అడిగింది. ఔనంటే, తనకు అంతా పట్టు ఉన్నది కావాలంది, పెళ్ళిలో ఫోటోలకు నూలు నలిగినట్టు పడుతుందంది. బావగారి మొహం చూడాలి అప్పుడు. పదిహేను శతాబ్దాల సాక్ష్యం ఒక్క మాటతో పక్కకు జరిగింది.

బామ్మర్ది: విన్నవ్ గదా బావా. పట్టు నడుమకు గూడ కుప్పడం చేసి ఇస్త, దానికి ధర పలుకుతది కాబట్టి రెండో మనిషికి కూలి ఎల్తది. నూలు నడుమనే నాకు ముంచేది. అంత పనీ చేసి నూలు చీర ధర చెప్తే కొనెటోడు గయ్యిమంటడు.

బావ: అయితే అతుకు పోలేదన్నట్టు. నడుమ పోయింది.

బామ్మర్ది: నడుమనే పోయింది.

బావ: నూలు నడుమ, పట్టంచు, మూడు నాడెలు, కొంగు పోగు పోగుకు అతికింది, పాత తీరు చీర ఒకటి నెయ్యి. రెండో మనిషి కూలి నేనిస్త. నేసేటప్పుడు అతుకు కాడ ఎట్ల చేస్తున్నరో దగ్గర కూసోని రాసుకుంట. కొలతలు, పోగుల లెక్క, అన్నీ. చీర దాసిపెడ్త.

బామ్మర్ది: రాసుకో, వద్దనను. దాసిపెట్టెటందుకైతే నెయ్యను. బీరువల నాఫ్తలీన్ గోళీల నడుమ పెట్టెటందుకు మా వాళ్ళు వారం రోజులు నడుము వంచుతరా? అక్క కట్టుకోవాలె.

బావ: కట్టుకుంటే చిరుగుతది.

అక్క: చిరగనియ్యిన్రి.

బావ: సరే, రెండు నెయ్యి. ఒకటి మీ అక్క కట్టుకుంటది, ఒకటి నేను పెట్టుకుంట.

బామ్మర్ది: రెండైతే ఒకే పడుగు మీద దించుత, నీకు ఖర్చు కలిసొస్తది. పట్టు రేటు పెరిగింది, అడ్వాన్సు ఇప్పుడే ఇయ్యి. పెండ్లి లెక్కల కలుపకు.